బాంబర్ రెక్కలో గొర్రెల తడిక

నా పెళ్ళిచూపులప్పుడు మా మామగారు నన్ను ఒక్క ప్రశ్నే అడిగారు. విమానాలకు బట్ట కట్టే ఉద్యోగం నిజంగానే ఉందా, లేక గొప్ప కోసం మా నాయన అల్లి చెబుతున్నాడా అని. మాది ధర్మవరం. తాతల నాటి నుంచి పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాల్సినవాడు బెంగళూరు పోయి విమానాలకు చీరలు కడుతున్నాడని మా వీధిలో వెక్కిరించేవారు. నాకు కోపం వచ్చేది కానీ, వాళ్ళన్నదాంట్లో తప్పేమీ లేదు. పనిచేసినన్నాళ్ళూ నేను చేసింది దాదాపు అదే.

ఇప్పుడు పాత విమానాలను బాగుచేసి మ్యూజియంలో నిలబెట్టే పని నేర్చుకోవడానికి కుర్రవాళ్ళు వస్తున్నారు. దానికి చదువులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి. అప్పుడప్పుడు ఎవరో ఒకరు హిందూపురంలో మా ఇల్లు వెతుక్కుని వచ్చి డోపు ఎలా పూయాలి, కుట్టుకూ కుట్టుకూ ఎంత ఎడం ఉండాలి అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. అసలు కష్టం కుట్టులో లేదు నాయనా అని మొదలుపెట్టేసరికి వాళ్ళకు బెంగళూరు బస్సు వేళవుతుంది. అందుకని ఆ మిగిలిన మాట రాసి పెడుతున్నాను. ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. నాకు పెద్దగా రాలేదు కూడా.

మూసేవాడి పని

పాతకాలం విమానాల్లో చాలావాటికి లోపలి ఎముకల గూడు మాత్రమే లోహం, లేదంటే చెక్క. దాని మీద లినెన్ బట్ట లాగి కప్పి, మైనం పట్టిన దారంతో ఎముక ఎముకకూ కుట్టి, పైన డోపు అనే ద్రావకం పూస్తారు. డోపు ఆరేకొద్దీ బట్ట బిగుసుకుంటుంది. గోటితో కొడితే డప్పులా మోగాలి. మోగకపోతే విప్పి మళ్ళీ కట్టాలి. ఆ డోపు వాసన ఆడపిల్లల గోళ్ళ రంగు వాసనలా ఉంటుంది. మొదట్లో తలనొప్పితో చచ్చేవాణ్ణి. తర్వాత ఆ వాసన లేకపోతే మధ్యాహ్నం అన్నం సయించేది కాదు.

బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో, మేము షాపు అని పిలిచే పనిశాలలో, నాకు పని నేర్పింది ఆంథోనీ మేస్త్రీ. పొట్టి మనిషి, పెద్ద నోరు. సూది తప్పుగా పట్టుకుంటే మీ ధర్మవరంలో ఇదే నేర్పినారా అని నా వంశం మొత్తాన్నీ లాగేవాడు. కానీ బట్ట కప్పేముందు ఆయన నోరు మూతపడేది. ప్రతి ఎముకనూ వేళ్ళతో తడిమేవాడు, కళ్ళు మూసుకుని. పగులుంటే కంటి కంటే వేలికి ముందు తెలుస్తుందని ఆయన నమ్మకం. ఒకసారి తయారైపోయిన తోక భాగంలో ఏదో గలగలమంది. ఫోర్‌మన్ విననట్టు నటించి పంపేయమన్నాడు. మేస్త్రీ కత్తి తీసి బట్ట మొత్తం చీరేశాడు. లోపల దొరికింది ఒక చిన్న వాషరు. దాని కోసం అంత పని పాడుచేశావా అని ఫోర్‌మన్ షాపు దద్దరిల్లేలా అరిచాడు. సాయంత్రం టీ తాగుతూ మేస్త్రీ నాతో అన్నమాట ఇది: "చూడు నాగరాజూ, అందరూ కట్టేవాళ్ళే. మనం మూసేవాళ్ళం. మనం మూసినాక లోపల ఏముందో ఎవరూ చూడరు."

ఆ మాట అప్పుడు నాకు కొంచెం డాబుగా అనిపించింది. యాభై దాటాక గానీ దాని బరువు తెలియలేదు.

ఎవరికీ అక్కరలేని విమానం

బట్ట విమానాల కాలం అయిపోయింది. మా షాపు మూసేసి నన్ను స్టోర్సులో కూర్చోబెట్టారు. స్క్రూలు లెక్కపెట్టే ఉద్యోగం. ముందే పదవీ విరమణ తీసుకుని హిందూపురం వచ్చేశాను. నా భార్య పుట్టిల్లు ఇక్కడే. ఇంట్లో కూర్చుని ఆమె పనికి అడ్డం పడుతున్న రోజుల్లో ఒక మ్యూజియంవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆ మ్యూజియం పేరు రాయను. పేరుతో మీకు పని లేదు.

వాళ్ళు నిలబెట్టాలనుకున్నది వెల్లింగ్టన్ అనే బాంబర్. ఇంగ్లీషువాళ్ళు యుద్ధకాలంలో వాడిన రెండు ఇంజన్ల విమానం. దాని గూడు మిగతావాటిలా నిలువు ఎముకలతో ఉండదు. అల్యూమినియం పట్టీలను అడ్డదిడ్డంగా, వెదురుబుట్ట అల్లినట్టు అల్లారు. పైన బట్ట. గుండ్లు తగిలి ఒళ్ళంతా తూట్లు పడ్డా ఆ అల్లిక పట్టుకునే ఉండేదట, ఇంటికి తెచ్చేదట. అన్నిసార్లూ కాదు. అలాంటివి నడిపినవాళ్ళ ఫోటోలు మా పని షెడ్డులో ఒక గోడకు అంటించారు. అందరూ మీసాలు సరిగా మొలవని పిల్లలు. యుద్ధం అయ్యాక అంతా లోహంతో చేసిన విమానాలు వచ్చాయి, ఇది ఎవరికీ అక్కరలేకపోయింది. వేలకు వేలు చేసినవాటిని నరికి తుక్కుగా అమ్ముకున్నారు. ఇప్పుడు ప్రపంచంలో పూర్తిగా నిలబడి ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మావాళ్ళకు మొత్తం విమానం కట్టే శక్తి లేదు. యుద్ధంలో పెనుకొండ వైపు కొండల్లో అలాంటిదొకటి కూలిందని, దాని ముక్కలు ఇంకా ఊళ్ళలో ఉన్నాయని విన్నారు. ఆ ముక్కలు పోగుచేసి ఒక రెక్క అయినా నిలబెట్టాలని వాళ్ళ ఆశ. బెంగళూరులో అద్దెలు భరించలేక హిందూపురం పారిశ్రామికవాడలో ఒక షెడ్డు తీసుకున్నారు.

నాకు ఇద్దరు పైవాళ్ళు. డైరెక్టరు చదువుకున్నవాడు, తియ్యగా మాట్లాడతాడు, ఎవరేమడిగినా కాదనడు. అలాంటి వాళ్ళతో జాగ్రత్తగా ఉండండి. కాదనేవాడి మాటకు విలువ ఉంటుంది, అన్నిటికీ సరేననేవాడి మాట గాలికి పోతుంది. రెండో ఆయన లోహం పని చూసే రంగస్వామి సార్. బెంగళూరు మనిషి, కన్నడం యాసలో తెలుగు. పనిలో రాక్షసుడు. ఒక రివెట్టు వంకరపోతే వంద పీకించేవాడు. ఆయనంటే నాకు గౌరవం. ఇదంతా జరిగాక కూడా ఉంది. మీకది వింతగా అనిపించవచ్చు.

బట్ట కోసం నేనే ధర్మవరం పోయాను. విదేశం నుంచి లినెన్ తెప్పించాలంటే డైరెక్టరుకు గుండె ఆగుతోంది. మా దాయాది ఒకడు మగ్గం మీద గట్టి నూలుబట్ట నేసి ఇస్తానన్నాడు. కొలతలన్నీ చెప్పి వచ్చాను. తీరా బట్ట తాను వచ్చాక చూస్తే రెండు వైపులా సన్నటి ఎర్రంచు. అడిగితే వాడికే కోపం వచ్చింది. అంచు లేని తెల్లబట్ట వాళ్ళ మగ్గం మీదికి ఎక్కించరట, అది పీనుగు మీద కప్పేదట, పిల్లలున్న ఇల్లు కదా అన్నాడు. రాత్రిపూట బాంబులు వేసే విమానానికి ఎర్రంచు పంచె కట్టిస్తావా అని రంగస్వామి సార్ నన్ను వారం పాటు ఏడిపించాడు. అంచులు కత్తిరించి వాడుకున్నాం.

ఊళ్ళలో మిగిలింది

ముక్కల కోసం రంగస్వామి సార్, నేను పెనుకొండ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాం. మీరు కూడా తిరగాల్సి వస్తుంది. పోయినప్పుడు విమానం ముక్క ఉందా అని అడగకండి, లేదంటారు. అబద్ధం కాదు. వాళ్ళ ఇంట్లో అది విమానం ముక్కగా లేదు. ఒకచోట ఎద్దుల కుడితితొట్టి అయింది. ఒక బడిలో గాలి సిలిండరును సగానికి కోసి గంటగా వేలాడదీశారు. ఒకాయన కిటికీకి ఊచల బదులు అదే పట్టీలు బిగించుకున్నాడు. యుద్ధం మన దగ్గరికి అలా వచ్చింది. కూలింది, పంచుకున్నాం, వాడుకున్నాం.

మారెక్క ఇంటికి మేము చివరగా పోయాం. కొండ కిందే ఊరు. అప్పటికి ఆమెకు డెబ్బై దగ్గర. కొడుకు ఓబులేసు పెనుకొండలో ఆటో నడుపుతాడు. నడవా గోడకు ఆనించి నిలువెత్తు అల్లిక ఒకటి నిలబెట్టి ఉంది. ఒక మూల కాలి నల్లబడింది. పట్టీల కలయికల్లో పసుపు కుంకుమ గట్టిగా పేరుకుపోయి ఉన్నాయి. నేను చూసినవాటిలో అంత పెద్ద ముక్క ఇంకొకటి లేదు. రంగస్వామి సార్ కళ్ళు మెరిశాయి. ఆయన ముట్టుకోబోతే ఓబులేసు చెయ్యి అడ్డం పెట్టి, చెప్పులు విడిచి రమ్మన్నాడు.

మారెక్క తండ్రి గొర్రెల కాపరి. యుద్ధకాలంలో ముసురు పట్టిన ఒక రోజున విమానం కొండకు కొట్టుకుని కూలింది. అందులో ఉన్న తెల్లదొరలు ఒక్కరూ మిగల్లేదు. పటాలం వచ్చి దొరికినంత ఏరుకుని పోయింది. ఆ తర్వాత ఊరంతా కొండ ఎక్కింది. మారెక్క తండ్రికి ఆ అల్లికను చూడగానే గొర్రెల దొడ్డి గుర్తొచ్చింది. వెదురు తడిక చెదలు పట్టిపోతుంది, వానకు కుళ్ళిపోతుంది. దీనికి ఆ బాధ లేదు, తోడేలు కొరికినా తెగదు. ఒకటి మోసుకొచ్చి దొడ్డి వాకిలికి పెట్టాడు. గుంజకు తగులుకోవడానికి దాని ఒక మూలను రాతితో కొట్టి కొక్కెంలా వంచాడు. రెండోదాని కోసం మళ్ళీ కొండెక్కాడు. అది మట్టిలో ఇరుక్కుని రాకపోతే గడ్డపార వేసి ఎత్తాడు. దాని కింద పేలని బాంబు ఉంది.

మనిషి దొరకలేదు. పూడ్చడానికి ఏమీ లేదు కాబట్టి గోరీ లేదు. మారెక్క అప్పటికి తల్లి కడుపులో ఉంది. పెద్దల అమావాస్య వచ్చినప్పుడు ఆ తల్లికి ఎడ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎడ అంటే మా వైపు చనిపోయినవాళ్ళకు ఆకులో వడ్డించి పెట్టే భోజనం. చివరికి ఆ తడిక ముందు పెట్టింది. అప్పటి నుంచి అదే ఆయన తావు. సంగటి, వేటకూర, వడలు, కొత్త పంచె, ఒక బీడీ కట్ట. పక్కన ఇంకొక ఆకు వేసి అందులో ఒక బన్ను, ఉడికించిన గుడ్డు. అది దొరలకు. వాళ్ళూ ఆడనే పోయినారు గదా, వాళ్ళకెవరు పెడతారు అని తల్లి మొదలుపెట్టిందట. గొర్రెలు అమ్మేశాక తడిక ఇంట్లోకి వచ్చింది.

ఇదంతా చెబుతూ మారెక్క ఆ వంచిన మూలను బొటనవేలితో రాస్తూ కూర్చుంది. నిమిరి నిమిరి అక్కడ లోహం అద్దంలా నున్నబడి ఉంది. "మా నాయన మొగం నేను సూళ్ళేదప్పా," అంది. "ఆయప్ప చెయ్యి అంటే నాకు తెలిసింది ఈ వంపే."

రంగస్వామి సార్ తల దించుకుని బయటికి పోయి నిలబడ్డాడు. ఆయనకు అర్థం కాలేదని ఎవరూ అనుకోకండి.

ఇచ్చిన మాట

డైరెక్టరు స్వయంగా వచ్చాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పడం, నేను తెలుగులో చెప్పడం. ఆమె దుడ్లు వద్దంది. ఆమెకున్న భయం వేరే. కొన్నేళ్ళుగా ఆ తడిక నుంచి తెల్లపొడి రాలుతోంది. పొద్దున్నే ఊడ్చేటప్పుడు ఆ పొడిని చేటలోకి ఎత్తి తులసి మొదట్లో పోసేది, చెత్తలో వేయడానికి చెయ్యి రాక. నేను పోయేలోపల మా నాయన అంతా పొడైపోతాడేమో అని నన్నే అడిగింది. అల్యూమినియానికి తుప్పు పట్టదంటారు కానీ ఈ తెల్ల చీడ పడుతుంది. ఇంట్లో ఉంటే అది ఆగదు. మా దగ్గర మందులున్నాయి, మ్యూజియంలో పెడితే ఆ దొరల పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూస్తారని, మీ మనవళ్ళ మనవళ్ళు కూడా చూస్తారని డైరెక్టరు చెప్పాడు. అది నిజం కాగలిగిన మాటే. అందుకే నేను మనసారా తెలుగులో చెప్పాను.

ఆమె ఒక్కటే అడిగింది. ఏడాదికొకసారి పెద్దల అమావాస్యకు తాను వస్తే తడికను తాకనిస్తారా, ఎడ పెట్టుకోనిస్తారా. డైరెక్టరు నా భుజం మీద చెయ్యి వేసి తప్పకుండా, తప్పకుండా అని రెండుసార్లు అన్నాడు.

తడికను లారీ ఎక్కించేటప్పుడు ఆమె టెంకాయ కొట్టి, దారిలో ఎగిరిపోకుండా తాడు గట్టిగా కట్టమని డ్రైవరుకు చెప్పింది. ఏడవలేదు. లారీ మలుపు తిరిగేదాకా ఊరి మొదట్లో నిలబడింది.

రెక్క మీద బట్ట

తర్వాత చాలా నెలలు లోహం విభాగంవాళ్ళ పని. నా వంతు వచ్చేసరికి రెక్క తయారై స్టాండ్ల మీద ఉంది. ముక్కలన్నిటికీ ఒకే ఆకుపచ్చ పూత. ఏది ఏ ఊరి నుంచి వచ్చిందో ఇక తెలిసే దారి లేదు. మారెక్క తడిక ఎక్కడ పెట్టారని అడిగితే రంగస్వామి సార్ రెక్క మొదట్లో ఒక చోటు చూపించాడు. ఆంథోనీ మేస్త్రీ నేర్పినట్టు అంతా తడిమాను. గట్టిగా ఉంది, పగులు లేదు, పొడి లేదు. మందు బాగా పనిచేసిందనుకుని సంతోషపడ్డాను. వంచిన మూల కనిపించలేదంటే, అది బిగింపుల వెనక్కి పోయిందన్నాడు.

ఆ చోట బట్టలో ఒక మూత పెడదామన్నాను, ఆమె చెయ్యి పెట్టుకోవడానికి. తనిఖీ కోసం అలాంటి గుండ్రటి మూతలు విమానం బట్టకు మామూలే. అసలు వెల్లింగ్టన్‌కు అక్కడ మూత లేదు కదా అని డైరెక్టరు నసిగాడు. ఆమె వచ్చినప్పుడు ఏదో ఒకటి చేద్దాంలే అన్నాడు. బట్ట కప్పాను, కుట్టాను, డోపు వేశాను. కింద వైపు నల్లరంగు. గోటితో కొడితే రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు మోగింది. నా జీవితంలో అంత మంచి పని ఇంకొకటి చేయలేదు. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సంతోషం లేదు.

పెద్దల అమావాస్య

ఆ రెక్క ఇప్పుడొక పెద్ద ఊళ్ళో అద్దాల హాలులో ఉంది. మీలో కొందరు చూసే ఉంటారు. కింద బోర్డు మీద యుద్ధం గురించి, దొరల ధైర్యం గురించి మంచి ఇంగ్లీషులో రాశారు. దాని మొదట్లో, కింద వైపు, పుస్తకమంత మాసిక ఒకటి ఉంది. దగ్గరికి పోయి చూస్తే తెలుస్తుంది. ఆ మాసిక ఎందుకుందో చెప్పడానికే ఇంతసేపూ రాశాను.

అమావాస్య నాడు మారెక్క తన కొడుకు ఆటోలో వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఒళ్ళో పెద్ద గంప, దాని మీద తడిబట్ట కప్పి ఉంది. డైరెక్టరు ఊళ్ళో లేడు. షెడ్డులో రంగస్వామి సార్, నేను, వాచ్‌మన్. ఆమె లోపలికి వచ్చి ఆ నల్లటి రెక్కను ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. చెప్పులు విడిచింది.

"యాడుండాదప్పా?" అని అడిగింది.

ఇందులోనే ఉంది, ఈ బట్ట వెనకాల అని చూపించాను. ఆమె అరచెయ్యి బట్ట మీద ఆనించింది. బిగుసుకున్న బట్ట చిన్నగా మోగింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసింది. తర్వాత నా వైపు తిరిగి, తాకనిస్తామంటిరి గదప్పా అంది. గొంతులో కోపం లేదు, గుర్తుచేస్తున్నట్టే అంది.

నేను బల్ల మీది కత్తి తీశాను. రంగస్వామి సార్ గబగబా వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. కోయొద్దు నాగరాజూ అన్నాడు. బట్ట పాడవుతుందని ఆయన బాధ అనుకున్నాను. ఆయన ముఖం చూసి ఉంటే తెలిసేదేమో, ఆ క్షణంలో చూడలేదు. చెయ్యి విడిపించుకుని కోశాను. దానికి తర్వాత మెమో ఇచ్చారు, ఆ తర్వాత పనికి రావద్దన్నారు. ఇచ్చిన మాట బట్ట కంటే గట్టిగా ఉండాలి, లేకపోతే మాట ఇవ్వకూడదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు కుట్టు కంటే ముందు నేర్చుకోవలసింది ఇదే.

మారెక్క గాజులు పైకి జరుపుకుని మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఆమె వేళ్ళు పట్టీల మీద పోవడం బట్ట పైన చిన్న కదలికగా కనిపిస్తోంది. మూల దాకా పోయాయి, వెనక్కి వచ్చాయి, మళ్ళీ పోయాయి. చాలాసేపు వెతికింది.

"ఇది కాదప్పా," అంది చివరికి. "ఇది మాది కాదు."

నేను టార్చి వేసి లోపలికి చూశాను. మూలలన్నీ తిన్నగా ఉన్నాయి. ఎక్కడా వంపు లేదు. బిగింపుల వెనక్కి పోవడానికి అక్కడ బిగింపులే లేవు.

రంగస్వామి సార్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. అప్పుడు చెప్పాడు. తడిక బలం పోయింది, రివెట్టు వేస్తే పిండిలా రాలిపోతోంది. అచ్చు తీసుకుని అదే కొలతల్లో కొత్తది చేయించాడు. ఈ పనిలో అందరూ చేసేదే, మీరూ చేస్తారు, చేయకుండా కుదరదు. పద్ధతి తెలిసిన చోట్ల అసలు ముక్కకు చీటీ కట్టి దాచిపెడతారు. మా షెడ్డులో చోటు లేదు. మిగతా తుక్కుతోపాటు ఒక మూల పడి ఉంది. వినాయక చవితికి షెడ్డు శుభ్రం చేయించినప్పుడు పాత ఇనుము వ్యాపారి బండిలో పోయింది. అది పోయిందని ఆయనకు రెండు రోజుల తర్వాత తెలిసింది. నాకు చెప్పడానికి నోరు రాలేదు. దొంగతనం కాదు, ద్వేషం కాదు. ఒక మనిషి సమాధిని మేము చోటు లేక ఊడ్చేశాం. నాకు ఈ ముప్పై ఏళ్ళ వృత్తి మీద అసహ్యం పుట్టిన రోజు అది.

ఆయన చెబుతుండగానే నేను ఆ వ్యాపారికి ఫోను చేశాను. అల్యూమినియం అంతా అప్పుడే కొలిమికి పంపేశానని, కరిగి కడ్డీలై ఎటు పోయిందో తనకెలా తెలుస్తుందని అతను విసుక్కున్నాడు. ఓబులేసు నా పక్కనే నిలబడి విన్నాడు. రంగస్వామి సార్ మీదికి పోయాడు. "మా యవ్వ దీన్ని మోసింది, మాయమ్మ మోసింది. మీకు ఒగ మూల తావు ల్యాకపాయనా సార్?" అన్నాడు. సార్ చేతులు జోడించాడు. అలా జోడించిన చేతులు దించకుండానే కూర్చున్నాడు.

మారెక్క కొడుకును పక్కకు రమ్మంది. చేతికి అంటిన ఆకుపచ్చ పూత కొంగుతో తుడుచుకుంది. నేను క్షమించమని ఏదో అనబోయాను. ఆమె వినలేదు, కోసిన బట్ట వైపే చూస్తోంది. బట్ట ముక్క గాలికి నాలుకలా ఆడుతోంది.

"అది మూసెయ్యప్పా," అంది. "దొరల పిల్లోల్లు యాడన్నుంచో వస్తారంటిరి గదా. వాళ్ళ నాయనలన్నా ఉండనీ ఇందులో."

గంప ఎత్తుకుని బయటికి నడిచింది. నేను వెనకే పోయాను. గేటు బయట కాంపౌండు గోడ వారగా, ఫ్యాక్టరీ లారీలు పోయే రోడ్డు పక్కన ఆమె గొంతుకూర్చుంది. అరచేత్తో దుమ్ము పక్కకు నెట్టి నీళ్ళు చిలకరించింది. రెండు ఆకులు వేసింది. సంగటి ముద్ద పెట్టింది, కూర వడ్డించింది. ఆ ఎండలో, ఆ దుమ్ములో చూడలేక, లోపల వసారాలో నీడగా ఉంటుంది, అక్కడ పెట్టుకో మారెక్కా అన్నాను. ఎటు మొహంగా పెట్టాలో చెబితే నేనే స్థలం శుభ్రం చేస్తానన్నాను. బీడీ కట్ట విప్పుతున్న చేతిని ఆపి ఆమె కొండలున్న వైపు ఒకసారి, ఊరి వైపు ఒకసారి చూసింది.

"ఎట్లయితేనేమప్పా," అంది. "ఇంగ యాడ పెట్టినా ఒగటే."